ఒక చెట్టు, ఒక గుహ, కారు నిండా జనం

పోయిన సంచికలో, ఇంటిల్లిపాదీ కార్లో బయల్దేరి మహావృక్షాలూ గుహలూ చూసి రండి అని ఓ అర పేజీ రాసి ఊరుకున్నాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొందరు దారిలో వాంతుల గురించి అడిగారు, కొందరు గబ్బిలాల గురించి, ఒకాయన మాత్రం "చెట్టు చూడ్డానికి అంత పెట్రోలు తగలెయ్యాలా" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టారు. ఆయనకి విడిగా జవాబు రాయడం లేదు, కింద ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: ఐదు రోజుల సెలవు దొరికింది. రెండు పెద్ద చెట్ల అడవులు, మూడు గుహలు, మధ్యలో ఒక జలపాతం అని మావారు కాగితం మీద రాసిపెట్టారు. రోజుకి ఆరేడు గంటలు కార్లోనే. పిల్లలకి ఏడేళ్లు, పదకొండేళ్లు, అత్తయ్యగారు కూడా వస్తున్నారు. ఆయనేమో "హాయిగా సరిపోతుంది" అంటున్నారు, నాకే టెన్షన్. మీరేమంటారు?

జవాబు: మీ టెన్షనే కరెక్టండీ. ఆ కాగితం మీద జలపాతం కొట్టేయండి, ఒక అడవి కొట్టేయండి, రెండు గుహలు కొట్టేయండి. ఆయనకి కోపం వస్తే తప్పు నా మీద వేయండి.

మ్యాప్ చూపించే గంటల్ని నమ్ముకుంటే మునుగుతారు. పెద్ద చెట్లు మిగిలి ఉన్నవి ఎక్కువగా మనుషులు సులువుగా గొడ్డలి పట్టుకుని చేరలేని చోట్ల, గుహలేమో సున్నపురాయి కొండల్లో, అంటే రెండింటికీ చివరి ముప్ఫై నలభై కిలోమీటర్లు చాలాసార్లు మెలికల రోడ్డే. అక్కడ ముందు ఒక లారీ ఉందంటే మీ వేగం దాని వేగమే. పైగా పేరున్న గుహల్లో ఫలానా టైముకి ఫలానా బ్యాచ్ అని ఉంటుంది, పది నిమిషాలు ఆలస్యమైతే బ్యాచ్ లోపలికి వెళ్లిపోతుంది, మీరు గేటు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడతారు.

నేను ఒకసారి మా అక్క పిల్లల్ని తీసుకుని ఒకేరోజు మూడు గుహలు చూపించాను. మూడోదాంట్లో మా మేనకోడలు "మావయ్యా, ఇది పొద్దున చూసిందే కదా" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. చెట్టు దగ్గరా అంతే. మొదటి పది నిమిషాలు అందరూ ఫోటోల్లో ఉంటారు. పావుగంట దాటాకే చిన్నపిల్ల కింద కూర్చుని, రాలిన కాయ ఒకటి చూసి, "ఇంత చెట్టుకి ఇంతేనా కాయ" అంటుంది. జెయింట్ సెక్వోయా అనే ఆ మహాకాయం కాసే కాయ కోడిగుడ్డంత, దాని లోపలి విత్తనమైతే ఒక ఓట్ రేకంత. ఆ మాట పిల్లనోట వినాలంటే మీరు ఇంకా అక్కడే ఉండాలి, పార్కింగ్ వైపు పరిగెడుతూ కాదు.

కాబట్టి రోజుకి ఒక్కటే పెద్ద పని. తప్పక ఒకేరోజు రెండూ పెట్టుకోవలసి వస్తే చెట్టు తెల్లవారగానే, గుహ మిట్టమధ్యాహ్నం. పొద్దుటి ఏటవాలు వెలుగులో మాను మీది గాట్లూ ముడతలూ కనిపిస్తాయి, జనమూ ఉండరు. గుహకి పగలైనా రాత్రయినా ఒకటే. బయట ఎండ మండిపోయే టైముని లోపల గడిపేయొచ్చు.

ప్రశ్న: పోయినేడు ఎంతో దూరం వెళ్లి "ప్రపంచంలోకెల్లా పెద్ద చెట్టు" అని చెప్పిన జనరల్ షెర్మన్‌ని చూశాం. బాగుంది కానీ అంత పెద్దగా అనిపించలేదు. ఫోటోల్లోనైతే మామూలు చెట్టులాగే ఉంది. మాకే చూడ్డం రాలేదా?

జవాబు: మీ తప్పేం లేదు. పక్కనున్న చెట్లన్నీ కూడా రాక్షసుల్లాంటివే కాబట్టి కంటికి కొలబద్ద దొరకదు. ఆరడుగుల వాళ్ల గుంపులో ఆరున్నర అడుగులవాడు నిలబడినట్టు. పైగా కాలిఫోర్నియా సెక్వోయా పార్కులోని ఆ చెట్టు అన్నిటికన్నా పొడుగుదీ కాదు, అన్నిటికన్నా లావుదీ కాదు. మానులో ఉన్న కలప ఘనపరిమాణం లెక్కలో అది మొదటిది, దాదాపు 1,487 ఘనపు మీటర్లు. ఎత్తు 84 మీటర్ల దగ్గర. ఎత్తులో గెలిచేది అదే రాష్ట్రం సముద్రతీరంలో ఉన్న హైపీరియన్ అనే రెడ్‌వుడ్, 2006లో బయటపడింది, సుమారు 116 మీటర్లు. లావులో మెక్సికోలోని తూలే చెట్టు, మాను చుట్టుకొలత 42 మీటర్ల దాకా. పరుచుకున్న నీడ లెక్కలో మన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను, దాదాపు ఐదు ఎకరాలు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. "పెద్ద" అన్న ఒక్క మాటకి ఇన్ని కొలతలున్నాయి, బోర్డు మీద ఏ కొలతో రాయకుండా వదిలేస్తారు, మనం మెడ విరిగేలా పైకి చూసి నిరాశపడతాం.

ఒక పని చేయండి. పదకొండు మీటర్ల తాడు ఒకటి కార్లో పెట్టుకోండి. చెట్టు దగ్గరికి వెళ్లకముందే, కారు ఆపిన ఖాళీ స్థలంలో ఒక చివర అమ్మాయి, రెండో చివర అబ్బాయి పట్టుకుని నిలబడాలి. షెర్మన్ మొదలు అడ్డకొలత అంత. ఆ తాడు పక్కన మీ కారు పెట్టి చూస్తే రెండున్నర కార్లు బారుగా పడతాయి. ఆ తర్వాత వెళ్లి చెట్టుని చూస్తే మాటరాదు. ఫోటోకి మాత్రం చెట్టు మొత్తం రావాలని తాపత్రయపడకండి, ఎలాగూ రాదు. కంచె ఇవతల, మానుకి వీలైనంత దగ్గరలో ఒక మనిషిని నిలబెట్టి, మీరు వెనక్కి వెనక్కి జరిగి మొదలు మాత్రమే తీయండి. మనిషి చీమంత కనిపించాడా, ఫోటో వచ్చినట్టే.

ప్రశ్న: మాను చుట్టుకొలత తెలిస్తే వయసు చెప్పేయొచ్చని మా నాన్నగారు పందెం కాస్తున్నారు. నిజమేనా?

జవాబు: పందెం కాయమనండి, మీరే గెలుస్తారు. నీళ్లూ వెలుతురూ బాగా దొరికిన చెట్టు వందేళ్లలో లావెక్కుతుంది, దొరకనిది అంతే వయసులో సగం కూడా ఉండదు. కాలిఫోర్నియాలోని వైట్ మౌంటెన్స్‌లో మెతూసెలా అనే బ్రిసిల్‌కోన్ పైన్ చెట్టుకి 4,800 ఏళ్లు దాటాయి, చూస్తే గాలికి మెలితిరిగిన ఎండు మొద్దులా ఉంటుందే తప్ప మహావృక్షం అనరెవరూ. అది సరిగ్గా ఎక్కడుందో జనానికి చెప్పకుండా దాచారు కూడా. మర్రి సంగతి మరీ చిత్రం. హౌరా బొటానికల్ గార్డెన్‌లో ఉన్న పెద్ద మర్రికి శిలీంధ్రం పట్టి కుళ్లితే 1925లో అసలు మానునే తీసేశారు, చెట్టు ఊడల మీద నిలబడి ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. మాను లేని చెట్టుకి చుట్టుకొలత ఎక్కడ తీస్తారు నాన్నగారు?

ప్రశ్న: వేలయేళ్లు బతికిన చెట్టుకి నేను వెళ్లి ఒక్కసారి కౌగిలించుకుంటే ఏమైపోతుంది? కంచెలు, చెక్క వంతెనలు, "ఇక్కడి నుంచి చూడుడు" బోర్డులు. చిరాకేసింది.

జవాబు: మీ చేతుల వల్ల ఏమీ కాదు, మీ కాళ్ల వల్లే. అంత ఎత్తు చెట్టుకి పాతాళం దాకా తల్లివేరు ఉంటుందనుకుంటాం. పెరిగిన సెక్వోయాకి తల్లివేరు ఉండదు, వేళ్లు మామూలుగా నాలుగు మీటర్ల లోతు దాటవు, పక్కలకి మాత్రం ముప్ఫై మీటర్లు దాటి పరుచుకుంటాయి. అంటే మీరు ఫోటో కోసం వెనక్కి జరుగుతున్నంతసేపూ దాని వేళ్ల మీదే నడుస్తున్నారు. ఒక మనిషి నడిస్తే ఏం లేదు. ఏడాదికి లక్షల మంది నడిస్తే నేల గట్టిపడి సిమెంటులా అవుతుంది, వాన నీళ్లు ఇంకవు, వేళ్లకి గాలి అందదు. పైన చెప్పిన హైపీరియన్‌కి జరిగింది అదే. దారి లేని అడవిలో జనం తొక్కుకుంటూ వెళ్లి చుట్టూ ఉన్న ఫెర్న్ మొక్కల్ని చంపేశారు, చివరికి 2022లో ఆ చుట్టుపక్కలంతా మూసేసి, అడుగుపెడితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని పార్కువాళ్లు ప్రకటించారు.

న్యూజిలాండ్‌లో ఇంకో రకం. అక్కడి కౌరీ చెట్లకి మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి వల్ల వేళ్లు కుళ్లే జబ్బు వస్తుంది, ఆ మట్టిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసేది మన చెప్పులే. అందుకని తానే మహూతా అనే పెద్ద కౌరీ దగ్గరికి వెళ్లే దారిలో చెప్పులు బ్రష్‌తో రుద్ది, మందు చల్లి గానీ లోపలికి పంపరు. నాకైతే ఆ ఏర్పాటు నచ్చింది, పిల్లలు గుడిముందు కాళ్లు కడుక్కున్నంత బుద్ధిగా చేస్తారు.

దగ్గరి ఉదాహరణ కావాలంటే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. చెదలు తొలిచి కొమ్మ విరిగిపడితే సందర్శకుల్ని ఆపేసి, 2018లో మందు కలిపిన సీసాల్ని ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించినట్టు కొమ్మలకి వేలాడదీసి ఎక్కించారు. అలా సీసాలు కట్టుకున్న చెట్టు ఫోటో ఒక్కటి చూడండి, కంచె మీది చిరాకు పోతుంది.

ప్రశ్న: కారు దూరి వెళ్లే చెట్టు ఎక్కడో ఉందటగా, మా వాడు రోజూ అదే పాట. ఇంకా ఉందా?

జవాబు: అందరూ ఫోటోల్లో చూసే కాలిఫోర్నియా యోసెమిటీ పార్కులోని వవోనా చెట్టుకి 1881లో సొరంగం తొలిచారు, 1969లో మంచు బరువుకి కూలిపోయింది. అదే రాష్ట్రంలోని కాలవెరాస్ పార్కులో సొరంగం ఉన్న మరో పెద్ద సెక్వోయా 2017 జనవరి తుఫానుకి పడిపోయింది. తీరం వైపు ప్రైవేటు స్థలాల్లో రెడ్‌వుడ్‌లు కొన్ని ఉన్నాయి, డబ్బు కడితే కారు దూర్చనిస్తారు. వెళ్లడం వెళ్లకపోవడం మీ ఇష్టం. నన్నడిగితే మాత్రం బతికున్న చెట్టుకి కన్నం పెట్టి అందులోంచి కారు తోలడం ఏం సరదానో ఇప్పటికీ అర్థం కాదు. కారు అద్దాలు మడవడం మర్చిపోకండి, అవి గీసుకుపోతాయి.

ప్రశ్న: మేం చూసిన పెద్ద చెట్లలో సగానికి సగం మొదట్లో నల్లగా కాలిపోయి, మనిషి దూరేంత గుహలా ఉన్నాయి. పర్యాటకులు తగలబెట్టారా? పిల్లలు చాలా బాధపడ్డారు.

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీ పిల్లలకి నా తరఫున థాంక్స్ చెప్పండి, ఇది రాయడానికే నేను ఎదురుచూస్తున్నాను.

ఆ మచ్చలు చాలావరకు పిడుగుల వల్ల పుట్టిన కార్చిచ్చులవి, కొన్ని వందల ఏళ్ల నాటివి. సెక్వోయాకి మంట శత్రువు కాదు, పురిటి మంత్రసాని. దాని బెరడు రెండడుగుల దాకా మందం ఉంటుంది, పీచుపీచుగా, వేలితో నొక్కితే లోపలికి దిగుతుంది, జిగురు దాదాపు ఉండదు కాబట్టి తొందరగా అంటుకోదు. కాయలేమో పచ్చిగానే, మూసుకునే, ఏళ్లతరబడి కొమ్మకి వేలాడతాయి. కింద మంట రేగినప్పుడు వేడికి ఎండి విచ్చుకుని విత్తనాలు రాలతాయి. రాలేసరికి నేలమీది చెత్త కాలి బూడిద మిగులుతుంది, అడ్డొచ్చే చిన్న చెట్లు పోయి ఎండ పడుతుంది. ఓట్ రేకంత విత్తనానికి కావలసింది సరిగ్గా అదే.

పాత రోజుల్లో దాదాపు వందేళ్లపాటు ప్రతి మంటనీ వెంటనే ఆర్పేయాలన్నది అక్కడి పద్ధతి. మంచి మనసుతో చేసిందే. దాంతో కొత్త సెక్వోయాలు మొలవడం తగ్గింది, కింద ఎండుకట్టెలూ చిన్న చెట్లూ పేరుకుపోయాయి, కరువు తోడైంది. 2020లో కాసిల్ ఫైర్ అనే కార్చిచ్చు వచ్చినప్పుడు మంట నేలమీద పాకకుండా కొమ్మల దాకా ఎక్కింది. ప్రపంచంలో ఉన్న పెద్ద సెక్వోయాల్లో నూటికి పది నుంచి పద్నాలుగు ఆ ఒక్క మంటలో పోయాయని పార్కు అంచనా. మరుసటేడు ఇంకో మంట వస్తే షెర్మన్ మొదలుకి అల్యూమినియం రేకు దుప్పటి చుట్టి కాపాడారు. ఇప్పుడు అక్కడి సిబ్బందే అదను చూసి చిన్న మంటలు పెడుతున్నారు. మీరు వెళ్లిన రోజు పొగ కనిపిస్తే కంగారుపడకుండా ముందు బోర్డు చదవండి, దారి మూసేస్తే మాత్రం వాదించకుండా వెనక్కి తిరగండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. పంపు లేకుండా నీళ్లు వంద మీటర్లు ఎలా ఎక్కుతాయి సార్? ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు.

జవాబు: కింద నుంచి తోస్తున్నట్టు ఊహించుకుంటే మింగుడుపడదు. పై నుంచి లాగుతున్నట్టు ఊహించుకో. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతున్నప్పుడు, నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి, వెనకున్న నీటి దారం మొత్తం పైకి జరుగుతుంది. అందులో గాలిబుడగ పడిందా, ఆ దారం తెగినట్టే. ఎత్తు పెరిగేకొద్దీ లాగుడు బిగుసుకుంటుంది, చిటారు ఆకులు నీళ్లు చాలక చిన్నవై, సన్నబడి, కింది కొమ్మల ఆకులతో పోల్చలేనంతగా మారిపోతాయి. ఈ లెక్కలన్నీ వేసి 2004లో కొందరు శాస్త్రవేత్తలు చెట్టు ఎత్తుకి హద్దు 122 నుంచి 130 మీటర్లని తేల్చారు. తీరప్రాంతపు రెడ్‌వుడ్ మాత్రం పొగమంచుని ఆకులతోనే తాగి కొంత దాహం తీర్చుకుంటుంది. గడుసుదే.

ప్రశ్న: ఘాట్ రోడ్డు ఎక్కగానే మా ఆరేళ్ల పాప వాంతులు. ఫోన్ ఇస్తే కాసేపు ఊరుకుంటుంది, తర్వాత ఇంకా ఎక్కువ. ఏం చేయమంటారు?

జవాబు: ఫోన్ లాక్కోండి, ముందు అదే. కళ్లు ఫోన్ మీద కదలకుండా ఉంటాయి, చెవి లోపలి తూకపు యంత్రమేమో మలుపు మలుపుకీ "తిరుగుతున్నాం" అని మొరపెడుతుంది, ఆ రెండిటి గొడవే వాంతి. రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. వెనక సీట్లో మధ్యన, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టండి (సీటు బెల్టూ, పిల్లల సీటూ సరిగ్గా పట్టేలా ఉంటేనే), కిటికీ కొంచెం దించండి, కడుపు నిండా పెట్టకండి, అలాగని ఖాళీగానూ ఉంచకండి. మాత్ర కావాలంటే డాక్టర్ని అడిగే వేయండి, బయల్దేరేముందే వేయాలి, వాంతయ్యాక వేస్తే లాభం లేదు. నడిపేవాళ్లకి ఒక మాట: దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకుండా చిన్న గేరులో దింపండి. కాలిన వాసన వస్తే బ్రేకులు వేడెక్కాయని, పక్కకి ఆపి చల్లారనివ్వండి. ఆ ఆగిన అరగంటలో పాప కడుపు కూడా కుదుటపడుతుంది.

ప్రశ్న: గుహలు చల్లగా ఉంటాయని స్వెట్టర్లు మోసుకుని బెలూం వెళ్లాం. లోపల ఉక్కపోతకి చచ్చాం! మీరు రాసిందేమో "చల్లగా ఉంటాయి" అని.

జవాబు: రాశాను, సగమే రాశాను, క్షమించాలి. గుహ లోపలి వేడి బయట ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. మంచు కురిసే కొండల్లో సగటు తక్కువ కాబట్టి గుహ చలిపుడుతుంది, సెక్వోయా పార్కులోని క్రిస్టల్ కేవ్ పది డిగ్రీలు, కెంటకీలోని మామత్ కేవ్ పన్నెండు. రాయలసీమలో ఏడాది సగటే ఎక్కువ, పైగా లోపలి తేమకి ఒంటి చెమట ఆరదు, అందుకే ఉక్క. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రికార్డు చేసిన బెలూం మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, అంతదూరం గాలి తిరగదు కూడా. కాబట్టి స్వెట్టర్ తీసుకోవాలా వద్దా అన్నదానికి నా మాట అడక్కండి, ఆ ఊరి వాతావరణాన్ని అడగండి. చెప్పులు మాత్రం ఎక్కడికైనా పట్టు ఉన్న బూట్లే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎన్ని మెట్లు అని ముందే కనుక్కోండి. దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలన్న సంగతి ఉత్సాహంలో అందరం మర్చిపోతాం.

ప్రశ్న: మా వాడు గుహలో వేలాడే రాతిని ఇలా ముట్టుకున్నాడో లేదో గైడ్ గట్టిగా అరిచాడు. రాయేగా సార్, అరిగిపోతుందా? పిల్లాడు బయటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

జవాబు: అంత అరవనక్కర్లేదు, నెమ్మదిగా చెప్పొచ్చు. కానీ విషయంలో గైడ్‌దే రైటు. ఆ వేలాడేది ఇంకా పెరుగుతున్న రాయి. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని పలచటి సోడాలా అవుతుంది, దిగుతూ దిగుతూ సున్నపురాయిని కరిగిస్తుంది, గుహ కప్పుకి చేరాక ఆ గ్యాస్ వదిలేస్తుంది, గ్యాస్ పోతే సున్నాన్ని మోయలేక చుక్క చివర ఒక పొర వదిలి జారిపోతుంది. అలా ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరులో పదోవంతు. మీ వాడి అరచేతి పొడవు పెరగడానికి వెయ్యేళ్ల పైమాటే. మన చేతి జిడ్డు అంటితే ఆ చోట నీరు నిలవదు, పొర పట్టదు, నల్లగా మచ్చ కడుతుంది. ముట్టుకున్నవాడు అరగదీయడు, పెరగనివ్వడు.

ముట్టుకోకపోయినా ఊపిరే చాలు. ఫ్రాన్స్‌లో లాస్కో గుహ 1940లో దొరికింది, లోపలి ఆదిమ మానవుల బొమ్మలు చూడ్డానికి 1948లో జనాన్ని వదిలారు, జనం ఊపిరికి గోడల మీద నాచు పట్టడంతో 1963లో మూసేశారు. ఇప్పుడు అందరూ చూసేది పక్కన కట్టిన నకలు. 2024లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం కార్ల్స్‌బాడ్ గుహలో ఎవరో ఒక చిరుతిళ్ల ప్యాకెట్ పడేసి వెళ్లారు. లోపలి చెమ్మకి అది మెత్తబడి, బూజు పట్టి, ఆ బూజు పక్కనున్న రాళ్లకి పాకి, దాని కోసం కీటకాలు చేరి, సిబ్బంది ఇరవై నిమిషాలు కూర్చుని శుభ్రం చేయాల్సి వచ్చింది. మనకది నేలమీద పడ్డ ఒక్క ప్యాకెట్, అక్కడ బతికే జీవులకి ఊహించని విందు.

ప్రశ్న: గబ్బిలాలు కరుస్తాయా? మా ఆవిడ గుహ అంటేనే రానంటోంది.

జవాబు: వాటి జోలికి పోకపోతే అవీ మీ జోలికి రావు. నేలమీద పడి ఉన్నదాన్ని మాత్రం చేత్తో ఎత్తొద్దు, రేబిస్ ఉండొచ్చు. నిజానికి మనల్ని చూసి భయపడవలసింది ఆ గబ్బిలాలే. 2006లో న్యూయార్క్‌లో మొదట కనిపించిన వైట్ నోస్ అనే బూజు జబ్బుకి అమెరికాలో లక్షలాది గబ్బిలాలు చచ్చిపోయాయి, అది మన బట్టలకీ బూట్లకీ అంటుకుని ఒక గుహ నుంచి ఇంకోదానికి పోగలదు. ఒకే ట్రిప్పులో రెండు గుహలుంటే బట్టలు మార్చండి, బూట్లు వేరేవి వేసుకోండి. మామత్ కేవ్‌లో బయటికొచ్చేటప్పుడు అందుకే ప్రత్యేకంగా మందు పరుపుల మీద నడిపిస్తారు.

ప్రశ్న: దారిలో టికెట్టూ జనమూ లేని ఒక చిన్న గుహ ఉందని తెలిసింది. ఫోన్ టార్చ్‌తో ఓ రౌండ్ వేసొద్దామని మా బావమరుదులు.

జవాబు: వద్దు. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లో పన్నెండుమంది కుర్రాళ్లు, కోచ్ ఇలాగే ఒక రౌండ్ వేసొద్దామని థాం లువాంగ్ గుహలోకి వెళ్లారు, బయట వాన పడి వెనక నీళ్లు మూసుకుపోయాయి. ఆఖరివాణ్ని తీసేసరికి జూలై 10. వాళ్లని కాపాడబోయి ఒక మాజీ నేవీ డైవర్ ప్రాణం పోగొట్టుకున్నాడు. గుహల్లో తిరగడమే పనిగా పెట్టుకున్నవాళ్లు కూడా మనిషికి మూడు దీపాలు లేనిదే అడుగుపెట్టరు. బావమరుదులకి ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: అంకుల్, నాకు తొమ్మిదేళ్లు. గుహలో గైడ్ లైట్లన్నీ ఆపేశాడు. అప్పుడు నా చెయ్యి మొహం ముందు ఊపితే నాకు కనిపించింది. నిజంగా. అన్నయ్య అబద్ధం అంటున్నాడు. అన్నయ్యకి ఏమీ కనిపించలేదట.

జవాబు: నువ్వూ అబద్ధం చెప్పలేదు, అన్నయ్యా చెప్పలేదు. ఆ చీకట్లో కంటికి వెలుగు ఒక్క చుక్క కూడా అందదు కాబట్టి చెయ్యి కనిపించే వీలే లేదు. కానీ నీ చెయ్యి ఎటు కదులుతోందో నీ మెదడుకి తెలుసు, ఎందుకంటే కదుపుతోంది అదే. తెలిసిన కదలికకి తగ్గ నీడలాంటి బొమ్మని అది గీసి చూపిస్తుంది. కొందరు శాస్త్రవేత్తలు ఇదే పరీక్ష పెద్దవాళ్ల మీద చేశారు, దాదాపు సగం మందికి నీలాగే కనిపించింది, మిగతావాళ్లకి అన్నయ్యలాగే. పరీక్ష చేసేవాళ్లు తమ చెయ్యి ఊపినప్పుడు మాత్రం అలా కనిపించడం బాగా తగ్గిపోయింది. ఈసారి గైడ్ లైట్లు ఆపగానే నువ్వు నీ చెయ్యి ఊపకు. అన్నయ్యని ఊపమను, ఎన్ని వేళ్లు చూపిస్తున్నాడో చెప్పడానికి ప్రయత్నించు. తప్పు చెబితే నాకు రాయి, ఒప్పు చెబితే తప్పకుండా రాయి.